వలందుల సమాధులు

సెలవులిస్తే జనం తిరుపతి వెడతారు, కాకపోతే బావమరిది ఇంటికి వెడతారు. నేను పాత సమాధులు చూడటానికి బయలుదేరతానంటే మా ఆవిడ "శివ శివా!" అని చెవులు మూసుకుంటుంది. ఏం చెయ్యను? తెలుగు ఎమ్మే చదివినవాడికి రాతి మీద అక్షరం కనబడితే కాళ్ళు ముందుకు సాగవు.

మా సొంత ఊరు బందరులో డచ్చివారి సమాధులున్నాయి. మనవాళ్ళు వారిని వలందులన్నారు. 1600ల తొలి సంవత్సరాల్లో బట్టల వర్తకానికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. వాళ్ళు వెళ్ళిపోయినా, ఇంగ్లీషుపాలెం, పరాసుపేటల పక్కన వలందపాలెం పేరు నిలిచిపోయింది. వారి సమాధుల మీద పెద్ద పెద్ద రాతి పలకలు, వాటిపై వంశచిహ్నాలు, రాతలు. నాకు డచ్చి రాదు. అయినా కూడబలుక్కుంటే పేరూ, సంవత్సరమూ తెలుస్తాయి. మూడు వందల ఏళ్ళనాటి పరాయివాడి పేరు నా నోట పలుకుతుంది!

అదే ఊళ్ళో 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చింది. సుమారు 30,000 మంది పోయారని లెక్క. లెక్క ఉంది, పేర్లేవీ? ఆ రాత్రి మా వంశంలో ఒక తల్లి ఇంటి దూలం పట్టుకుని బతికిందట. చంకలోని ఆడపిల్ల మాత్రం జారిపోయిందట. మా నాయనమ్మ ఈ సంగతి ఎన్నోసార్లు చెప్పింది. "ఆ పిల్ల పేరేమిటే?" అంటే, "ఏమోరా నాయనా, ఎవరూ చెప్పలేదు" అనేది.

మనకు సమాధి కట్టే ఆచారం లేదు. బూడిదను నీళ్ళలో కలుపుతాం. పేరు నిలిపేది తర్పణం. అందులోనూ తండ్రి, తాత, ముత్తాత, అక్కడితో సరి. ఆ పైవాడు మంత్రంలోంచి జారిపోతాడు. ఇక పసిపిల్లను తలిచేదెవరు?

ఇంటింటా రాళ్ళు పాతమని నేననటం లేదు. అణా ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. పెద్దవాళ్ళు ఉండగానే వారి పక్కన కూర్చుని, తెలిసిన పేర్లన్నీ రాసుకోవటం. మొన్న సంక్రాంతి సెలవుల్లో మా అమ్మను అడిగి రాసుకున్నాను. పుట్టింటి పేరు మారిపోయి ఏ వంశవృక్షంలోనూ చోటు దొరకని ఆడవాళ్ళ పేర్లే పదకొండు వచ్చాయి. అమ్మ ఒక్కొక్క పేరూ చెబుతూ, ఆ మనిషి వంట ఎలా చేసేదో, ఎవరి మీద అలిగేదో కూడా చెప్పింది.

నోటుపుస్తకంలో మొదటి వరుస మాత్రం ఖాళీగా ఉంచాను. అది ఉప్పెనలో పోయిన పిల్లది.