కొత్త రూటరు కొనవలెనా? ముందుగా నాడి చూద్దాము



రక్తపోటు గురించి, మధుమేహం గురించి వ్రాసుకొనే ఈ వృద్ధ వైద్యునికి వైఫై రూటర్లతో ఏమి పని అని మీరు ఆశ్చర్యపడవచ్చును. పని పడినది. అందువలననే వ్రాస్తున్నాను.

కొద్ది మాసాల క్రితం ఒక రాత్రి పదకొండు గంటలకు నా సహధర్మచారిణి నిద్రలో నుంచి లేచి కూర్చున్నది. ఆయాసం. పడుకుంటే ఊపిరి ఆడడం లేదని చెప్పినది. నాలుగేండ్ల క్రితం తిరుపతిలో ఆమెకు పేస్‌మేకర్ అమర్చారు. మేము ఉన్నది చిత్తూరులో, మా నాయనగారు కట్టించిన పాత మిద్దె ఇంట్లో. తిరుపతి సుమారు డెబ్బై కిలోమీటర్లు. నాడి చూశాను, రక్తపోటు చూశాను, వీపు మీద స్టెతస్కోపు పెట్టి విన్నాను. భార్యకు వైద్యం చేసే వైద్యుని చెవులను అంతగా నమ్మకూడదన్నది నా అనుభవం. అమెరికాలో, డాలస్ నగరంలో వైద్యురాలిగా ఉన్న మా అమ్మాయికి వీడియో కాల్ చేశాను.

"నాన్నా, అమ్మ కాళ్ళు చూపించండి, వాపు ఎంత ఉందో చూస్తాను" అన్నది. ఫోను కాళ్ళ వైపు తిప్పగానే బొమ్మ నిలిచిపోయినది. మళ్ళీ చేశాను. "మెడ నరాలు..." అన్నంతలో మాట తెగిపోయినది. మూడవసారి మసక బొమ్మలో మా అమ్మాయి నోరు కదలడం కనబడినదే గాని మాట వినబడలేదు. చివరకు మామూలు ఫోనులో తిరుపతి హృద్రోగ నిపుణునితో మాట్లాడి, ఆయన చెప్పిన మేరకు మందు ఇచ్చి, తెల్లవారుజామున కారులో తీసుకొని వెళ్ళాను. రెండు దినాలలో కుదుటపడినది. కారణం యంత్రం కాదు. అంతకు ముందు రెండు పూటలు పెండ్లి భోజనాలలో తిన్న ఉప్పు, ఊరగాయ. గుండె బలహీనంగా ఉన్నవారికి ఉప్పు ఎంత పని చేస్తుందో ఇదివరకే వ్రాసి ఉన్నాను.

ఇంటికి వచ్చిన తరువాత అసలు చర్చ మొదలైనది. మా అమ్మాయి పట్టు ఒకటే: "ఆ పాత రూటరు పారేయండి నాన్నా. కొత్తగా వైఫై 7 రకం వచ్చింది. వచ్చేటప్పుడు ఇక్కడనుంచే తెస్తాను." మా ఇంటావిడ పట్టు దానికి నేరుగా విరుద్ధం. "ఏమండీ, ఉన్న పెట్టెతోనే నాకు భయంగా ఉంది. ఇంకా శక్తి గలది తెచ్చి పెడితే దాని కిరణాలకు నా గుండె మిషను ఆగిపోతే?"

ముందుగా భయం సంగతి చెబుతాను. దానికి కారణం నాకొక పాత అపరాధం ఉన్నది. దాదాపు పదిహేనేండ్ల క్రితం, ఉద్యోగ విరమణకు కొద్ది కాలం ముందు, నేను పనిచేసే పల్లె ఆసుపత్రి పక్కన సెల్‌ఫోను టవరు పెడతారని తెలిసి ఊరి పెద్దలు నా అభిప్రాయం అడిగారు. ఒక్క పుట కూడా చదవకుండా "రేడియేషన్ మంచిది కాదప్పా" అని చెప్పి పంపాను. డాక్టరు మాట కదా, ఊరంతా పాకినది. ఈసారి ఆ తప్పు చేయదలచుకోలేదు.

రేడియేషన్ అన్న ఒకే మాటను మనం రెండు వేరు వస్తువులకు వాడుతున్నాము. ఎక్స్‌రే కిరణాలకు అణువులోని ఎలక్ట్రానును ఊడగొట్టే శక్తి ఉన్నది. అందుకనే రుయా ఆసుపత్రి రోజులలో సీసపు తొడుగు లేనిదే మమ్మల్ని ఎక్స్‌రే గదిలో నిలబడనిచ్చేవారు కారు. వైఫై తరంగాలకు ఆ శక్తి లేదు. మోతాదు మించితే అవి చేయగలిగినది కణజాలాన్ని వేడెక్కించడం. ఆ మోతాదు ఎంత? వైఫై పౌనఃపున్యాలలో అంతర్జాతీయంగా సాధారణ ప్రజలకు పెట్టిన పరిమితి చదరపు మీటరుకు 10 వాట్లు. ఇంటి రూటరు ప్రసరించేది సాధారణంగా వాటులో పదోవంతు ప్రాంతం. పెద్దదనుకొని పూర్తిగా ఒక వాటు అనే లెక్క వేద్దాము. ఒక మీటరు దూరంలో అది చదరపు మీటరుకు 0.08 వాటు అవుతుంది; అంటే పరిమితిలో నూట ఇరవై అయిదవ వంతు. రెండు మీటర్ల దూరం జరిగితే అందులోనూ నాలుగవ వంతే. మన దేశం 2012 సెప్టెంబరులో సెల్ టవర్లకు ఈ పరిమితిని పదోవంతుకు తగ్గించినది. ఆ కఠినమైన కొలతతో చూసినా రూటరు చాలా దిగువనే ఉంటుంది.

"మరి కాన్సరు వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పిందట కదా" అని చదువుకున్నవారే అడుగుతారు. 2011లో ఆ సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన విభాగం ఈ తరంగాలను "2బి" అనే వర్గంలో చేర్చిన మాట నిజమే. సాక్ష్యం పరిమితం, అయినా పూర్తిగా కొట్టివేయలేము అన్నదే ఆ వర్గానికి అర్థం. చైనా, జపాను వంటి ఆసియా దేశాల సంప్రదాయంలో ఊరబెట్టిన కూరగాయలు, కలబంద మొత్తం ఆకు నుంచి తీసిన సారం కూడా ఆ వర్గంలోనే ఉన్నవి. తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరిక మీద జరిగి 2024లో ప్రచురితమైన సమీక్షలో, తలకు ఆనించి మాట్లాడే సెల్‌ఫోనుకే మెదడు కాన్సరుతో సంబంధం కనబడలేదు. ఇది చెప్పినప్పుడు మా ఇంటావిడ తక్కినదంతా వదిలిపెట్టి "ఊరగాయ కూడానా?" అని మాత్రం అడిగినది.

ఇక పేస్‌మేకర్. బయటి తరంగాలను అడ్డుకొనే కవచంతోనే ఈనాటి పేస్‌మేకర్లు వస్తున్నవి. రూటరుకూ దానికీ మధ్య జానెడు దూరం, అంటే కనీసం పదిహేను సెంటీమీటర్లు ఉంటే చాలును. రూటరును ఎవరూ గుండెకు హత్తుకొని పడుకోరు కదా. కాని ఫోనును హత్తుకొంటారు! మా ఇంటావిడ వంట చేసుకుంటూ ఫోనును రవికలో ఎడమ వైపున దోపుకొంటుంది. సరిగ్గా దాని పైననే పేస్‌మేకర్ ఉన్నది. కొన్ని కొత్త ఫోన్లలో వెనుక అయస్కాంతాలు ఉంటున్నవి. దగ్గరగా ఆనిస్తే అవి పేస్‌మేకర్ పని తీరును తాత్కాలికంగా మార్చగలవని 2021లో వైద్య పత్రికలలో వచ్చినది. నాలుగేండ్లుగా కళ్ళెదుట కనబడుతున్న దానిని నేను గమనించలేదు. రూటరు మీద అంత భయం పెట్టుకొన్న ఆమె కూడా గమనించలేదు. చదువరులలో పేస్‌మేకర్ ఉన్నవారు ఎవరైనా ఉంటే ఫోనును నడుము దగ్గర సంచిలో పెట్టుకొనండి, కుడి చెవితో మాట్లాడండి. ఇండక్షన్ పొయ్యికి రెండడుగులు ఎడంగా నిలబడండి.

భయం తీరినది గనుక కొత్తది కొనవచ్చునా? ఇక్కడ మా అమ్మాయితో నాకు పేచీ వచ్చినది. రోగం ఏమిటో తేలకుండా మందు వ్రాయకూడదని ఎస్.వి. మెడికల్ కళాశాలలో మా గురువులు మొదటి దినాననే చెప్పారు. కొత్తగా విడుదలైనది గనుక మంచిదే అనే తొందర వలన వైద్యులమే దెబ్బ తిన్నాము. రోఫెకాక్సిబ్ అనే కీళ్ళనొప్పుల మందు 1999లో వచ్చినప్పుడు కడుపుకు చెరుపు చేయదని మేమందరమూ సంతోషించాము. అది గుండెపోటు ముప్పును పెంచుతున్నదని తేలి 2004లో వెనక్కు తీసుకున్నారు. రూటరు ప్రాణం తీయదు, నిజమే. పర్సుకు మాత్రం చిల్లు పెడుతుంది.

కనుక ఫోనులో వేగం కొలిచే యాప్ పెట్టుకొని ఇల్లంతా తిరిగాను. ముందు గదిలో పెట్టె పక్కన నిలబడితే సెకనుకు తొంభై మెగాబిట్లు. నడవలోకి వస్తే ముప్పై. మేము పడుకొనే వెనుక గదిలో మూడు; ఒక్కొక్కసారి సున్న. అనగా ఇంట్లోకి వచ్చే ఫైబరు లైనులో లోపం లేదు, పెట్టెలోనూ లేదు. లోపం మధ్యనున్న మూరెడు మందపు రాతిగోడలలో ఉన్నది. పైగా ఎవరో సర్దినప్పుడు ఆ పెట్టెను స్టీలు బీరువా వెనుకకు నెట్టారు. ఇనుము తరంగాలను వెనక్కు కొడుతుంది.

పౌనఃపున్యం పెరిగే కొద్దీ తరంగం వేగంగా సమాచారం మోస్తుంది గాని గోడలకు త్వరగా లొంగిపోతుంది. వైఫై 7 ప్రత్యేకతలలో ముఖ్యమైనది 6 గిగాహెర్ట్జ్ పట్టీ. మా రాతిగోడల ముందు పాత 2.4 గిగాహెర్ట్జే దానికన్న బలశాలి. అమెరికా ఆ కొత్త పట్టీలో 1200 మెగాహెర్ట్జ్ భాగాన్ని 2020లోనే ఇండ్లకు తెరిచినది. మన టెలికాం శాఖ 2025 మే నెలలో ముసాయిదా నిబంధనలు ప్రకటించినది దిగువ 500 మెగాహెర్ట్జ్ భాగానికే. కాబట్టి అక్కడి నియమాలకు అమర్చిన పెట్టెను సూట్‌కేసులో తెచ్చి ఇక్కడ తగిలించడం సరికాదు. "మన దేశపు అనుమతి ఉన్నదే కొందాము, అదీ అవసరమైతేనే" అని మా అమ్మాయికి చెప్పాను. "మీ ఇష్టం నాన్నా" అన్నది, ఆ మాట అనే తీరులోనే.

చేసిన చికిత్స ఇది. కేబుల్ అబ్బాయిని పిలిపించి పెట్టెను బీరువా వెనుక నుంచి తీయించి గోడ మీద ఎత్తున బిగించాము. దాని నుంచి పైకప్పు వెంట ఇరవై మీటర్ల నెట్‌వర్క్ తీగ లాగి, అటక మీద పడి ఉన్న మరొక పాత రూటరును వెనుక గదిలో తగిలించాము. కరెంటు పోయినా నడిచేటట్లు ముందు పెట్టెకు ఒకటి, వెనుక దానికి ఒకటి చిన్న బ్యాటరీలు పెట్టించాము. గుండె జబ్బు ఉన్న ఇంట్లో ఇది విలాసం కాదు. ఇరవై వేలు దాటిన యంత్రం బదులు అంతా కలిపి నాలుగు వేల లోపున తేలినది.

కొత్తది ఎన్నటికీ కొనవద్దని నా అభిప్రాయం కాదు. తయారీదారు భద్రతా సవరణలు పంపడం మానివేసిన రూటరును, కాలం తీరిన మందును పారవేసినట్లే పారవేయండి. మన రక్తపరీక్షల నివేదికలు, బ్యాంకు వ్యవహారాలు అన్నీ దాని గుండానే పోతున్నవి. అట్లు కొన్నప్పుడు డబ్ల్యు.పి.ఎ.3 భద్రత ఉన్నదో లేదో అడగండి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డును మొదటి దినాననే మార్చండి. మా అటక మీది దానికి సవరణలు ఇంకా వస్తున్నవని చూసుకొన్న తరువాతనే తగిలించాను.

ఆ సాయంత్రమే వెనుక గది నుంచి డాలస్‌కు కాల్ చేశాము. మంచం మీద కూర్చొని మా ఇంటావిడ కాళ్ళు చాపినది. బొమ్మ నిలకడగా ఉన్నది. "చీలమండ దగ్గర వేలితో నొక్కండి నాన్నా... గుంట పడలేదు, బాగుంది" అన్నది మా అమ్మాయి. తరువాత క్షణం సేపు మౌనం.

"అమ్మా, నీ వెనక అలమరలో ఆ జాడీ ఏమిటి?"

మా ఇంటావిడ నా వైపు చూసినది.