గుంటా సెంటూ కలిస్తే

సాగర్ ఆనకట్టకు ఇవతలి ఒడ్డున నందికొండ, అవతల పల్నాడు. నీళ్ల కేటాయింపులో ఎడమ కాలువకు 132 టీఎంసీలు, కుడి కాలువకు 132. ఆ నీళ్లు పారే నేలకు మాత్రం కొలత ఒకటి కాదు. మా వైపు ఎకరానికి 40 గుంటలు, అవతల 100 సెంట్లు. మా పహాణీలో 3.20 అని ఉంటే మూడెకరాల ఇరవై గుంటలు, అంటే మూడున్నర ఎకరాలు. అవే అంకెలు కృష్ణ దాటితే మూడెకరాల ఇరవై సెంట్లు. ముప్పై సెంట్ల తేడా! చుక్క వెనక దాగిన హారం వేరు మరి.

ఈ ఊరి పిల్లలకు భిన్నాల కూడిక ఇక్కడి నుంచే మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం. గుంటకు సెంటు కలిపితే ఎంత? నలభైలో ఒకటి, వందలో ఒకటి. పైవి పైన, కిందివి కింద కూడితే 140లో రెండు, అంటే 70లో ఒకటి. గుంటకు ఇంకాస్త నేల చేర్చితే గుంటకన్నా తగ్గిపోయింది! ఏ రైతు ఒప్పుకుంటాడు? గుంట 121 గజాలు, సెంటు 48.4 గజాలు. రెంటినీ మిగులు లేకుండా కొలిచే ముక్క కావాలి. అది ఎకరంలో 200వ వంతు, 24.2 గజాలు. గుంటలో అలాంటివి ఐదు, సెంటులో రెండు. మొత్తం ఏడు ముక్కలు, 169.4 గజాలు. బడిలో క.సా.గు. అని బట్టీ పట్టించేది ఈ ముక్క కోసం వెతుకులాటనే.

గుణకారానికి ఆ వెతుకులాట అక్కర్లేదు. నాలుగెకరాలు అన్నదమ్ములకు చెరిసగం. తమ్ముడు తన సగాన్ని ముగ్గురు పిల్లలకు సమంగా పంచాడు. సగంలో మూడో వంతు, మొత్తంలో ఆరో వంతు: 26 గుంటల చిల్లర. గుణిస్తే పెరగాలి కదా అని పిల్లలు అడుగుతారు, న్యాయమైన సందేహమే. వాటాలో వాటా తీస్తుంటే పెరగడం ఎక్కడిది? ఆ ముగ్గురిలో ఒకరు ఆడపిల్ల అయితే హారంలో 2 రాసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించాక వారసత్వ భూమిలో కూతురూ కొడుకూ సమానం. అక్కడ 3 రాయాల్సిందే. లెక్కల పాఠంలోనే ఈ మాట పిల్లల చెవిన వేయాలి.

పంపకం అయ్యాక వాటాలన్నీ మళ్లీ కూడి చూడాలి. అన్న సగం మూడు ఆరో వంతులు, తమ్ముడి పిల్లలవి మరో మూడు. ఆరుకు ఆరు, నాలుగెకరాలకు నాలుగెకరాలు. అలా తేలకపోతే గొలుసు మళ్లీ పట్టాలి.