అటకెక్కిన స్నేహం

రండి, కుర్చీ దగ్గరికి లాక్కోండి. ఇవాళ ఒక శవం, ఒక సూట్‌కేసు, ముగ్గురు స్నేహితుల సంగతి చెబుతాను. శవం అన్నానని జడుసుకోకండి, నవ్వొస్తుంది కూడా. నవ్వినందుకు తర్వాత కాస్త సిగ్గేస్తుందనుకోండి.

సినిమా పేరు ‘షాలో గ్రేవ్’, 1994 నాటిది. మన రెహమాన్‌కి ఆస్కార్లు తెచ్చిన ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’ తీసిన డానీ బాయిల్‌కి వెండితెర మీద ఇదే తొలి చిత్రం. కథ రాసిన జాన్ హాడ్జ్ చదివింది డాక్టరీ. శవాన్ని ఏం చేయాలో అంత తాపీగా రాయడం ఊరికే వస్తుందా మరి!

ఎడిన్‌బరోలో ఒకే ఫ్లాటులో ముగ్గురు: డాక్టరమ్మ జూలియెట్, విలేకరి అలెక్స్, అకౌంటెంటు డేవిడ్. ఖాళీగా ఉన్న గదికి మనిషి కావాలి. అడగొచ్చినవాళ్లని పెళ్లిచూపుల్లో కంటే హీనంగా ఏడిపిస్తారు. ఆఖరికి హ్యూగో అనే ఆసామి దిగుతాడు, దిగిన కొన్నాళ్లకే చచ్చి పడుంటాడు. పక్కనే ఓ సూట్‌కేసు, నిండా నోట్లు. పోలీసులకి చెప్పొచ్చు. చెబితే మనకి కథేదీ?

డబ్బు చూశాకే స్నేహం చెడిందంటారు చాలామంది. నేనొప్పుకోను. డేవిడ్ కాస్త గింజుకున్నా, డబ్బు దగ్గర ముగ్గురూ ఒక్క మాట మీదికే వచ్చారు. చెడింది అడవిలో. శవాన్ని ఎవరూ గుర్తుపట్టకూడదంటే చేతులూ కాళ్లూ కోయాలి, పళ్లు రాలగొట్టాలి. ఎవరు? ఆ వంతు డేవిడ్‌కి పడింది, పెన్ను తప్ప రంపం పట్టనివాడికి! వాటాలేమో సమానం, రంపం మాత్రం ఒక్కడి చేతిలో. ఆ పద్దు అకౌంటెంటు మరిచిపోతాడా?

మరిచిపోలేదు. మిగతా ఇద్దరూ షాపులు తిరుగుతుంటే అతను సూట్‌కేసుతో అటకెక్కి అక్కడే కాపురం పెట్టాడు. అటక నేలకి డ్రిల్లుతో కన్నాలు పొడిచాడు. చీకటి గదుల్లోకి ఆ కన్నాల్లోంచి సన్నటి వెలుతురు గీతలు దిగుతాయి. ఒకప్పుడు పగలబడి నవ్వుకున్న ఇంట్లో ఇప్పుడు పైకి చూసుకుంటూ గుసగుసలు.

ఇది మనకి పాత కథే. వేదబ్భ జాతకంలో దొంగలు సొమ్ము కోసం నరుక్కుని నరుక్కుని ఇద్దరు మిగులుతారు. ఒకడు ఊళ్లోకెళ్లి తన కడుపు నింపుకుని, రెండోవాడి అన్నంలో విషం కలిపి తెస్తాడు. రెండోవాడు వీణ్ణి రాగానే నరికేసి, ఆ అన్నమే తింటాడు. ముందు తను తిని మరీ కలిపాడు చూశారా, ఆ జాగ్రత్తకే నవ్వొస్తుంది నాకు.

ముగింపు చెప్పేస్తున్నా, తిట్టుకోకండి. జూలియెట్ డేవిడ్‌ని చంపి, అలెక్స్ భుజంలో దిగిన కత్తిని మేకులా నేలకి దిగ్గొట్టి, సూట్‌కేసుతో ఉడాయిస్తుంది. తెరిస్తే అన్నీ పేపరు ముక్కలే. నోట్లు అలెక్స్ పడున్న చెక్కల కిందే ఉన్నాయి. వాడి రక్తం వాటి మీదికి బొట్టుబొట్టుగా కారుతుంటే, పైన వాడు నవ్వుతుంటాడు.

గంటన్నర సినిమా. తప్పక చూడండి, అన్నం తిన్నాకే.