చౌకకాలం

మా అబ్బాయి శలవులకి ఇంటికొచ్చాడంటే రెండు జరుగుతాయి. ఆవకాయ జాడీ అడుగంటుతుంది, గోడలు అదురుతాయి. ఈసారి వాడి గదిలోంచి వచ్చిన చప్పుడుకి అటకమీది ఇత్తడి సామానంతా జారిపడిందేమోనని స్టూలెక్కి చూశాను కూడా. మావారు పేపరు మడిచి, "భూకంపమైతే ఇంతసేపు ఉండదులే" అన్నారు.

"ఏమిట్రా ఇది?"

"బ్లాక్ ఫ్లాగ్ అమ్మా. హార్డ్‌కోర్ పంక్ అంటారు. నీకంటే వయసులో పెద్ద బ్యాండు" అన్నాడు.

పాట నచ్చలేదు గాని, వాడు చెప్పిన కథ నచ్చింది. కథలు రాసుకునేదాన్ని కదా!

1976లో కాలిఫోర్నియాలోని హెర్మోసా బీచ్ అనే సముద్రపుటూళ్ళో గ్రెగ్ గిన్ అనే కుర్రాడు ఈ బ్యాండు మొదలుపెట్టాడు. చిన్నప్పటినుంచీ రేడియో సామాను పోస్టులో అమ్మేవాడట. ఆ వ్యాపారం పేరులోని మూడక్షరాలే పెట్టి ఎస్.ఎస్.టి. అని రికార్డు కంపెనీ కూడా తనే తెరిచాడు. 1979లో వచ్చిన మొదటి రికార్డులో పాటలు నాలుగు, మొత్తం సుమారు అయిదు నిమిషాలు! మన సినిమా పాటలో హీరోయిన్ చెట్టు చుట్టూ ఒక్కసారి తిరిగొచ్చేలోపల వీళ్ళ పాట అయిపోతుంది. తెల్లజెండా అంటే లొంగిపోవడం కనుక వీళ్ళది నల్లజెండా. గిన్ తమ్ముడు నాలుగు నల్లపట్టీలు గీసి గుర్తు తయారుచేశాడు.

గాయకులు ఒకరి తరువాత ఒకరు మారారు. 1981లో నాలుగోవాడు హెన్రీ రోలిన్స్ వచ్చాడు. అంతకుముందు వాషింగ్టన్‌లో ఐస్‌క్రీం దుకాణం మేనేజరు. ఆ ఏడే 'డేమేజ్డ్' ఆల్బం వచ్చి పేరు మోగిపోయింది. వెంటనే ఒక కంపెనీతో కోర్టు తగాదా. కొత్త రికార్డు మీద సొంతపేరు వేసుకోవడానికి వీల్లేకపోయింది. 1983లో ఆ కంపెనీ దివాలా తీశాకగాని విముక్తి దొరకలేదు.

అసలు విశేషం ఆ తరువాతది. అన్నాళ్ళు నోరు కట్టేసినవాళ్ళు, విప్పగానే ఇంకా గట్టిగా, ఇంకా వేగంగా అరుస్తారనుకోమూ? 1984లో 'మై వార్' వచ్చింది. రెండోవైపు మూడే పాటలు. ఒక్కొక్కటీ ఆరు నిమిషాల పైమాటే. నిండు బరువుతో కొండెక్కే ఎడ్లబండిలా సాగుతాయి. పైగా జుట్లు పెంచుకున్నారు. వాళ్ళని చూసి గుండు గీయించుకున్న అభిమానులు మండిపడ్డారు. "మాకు కావలసింది ఇది కాదు" అని గోల.

అక్కడ నా చేతిలో చాట ఆగిపోయింది.

మూడేళ్ళ కిందట ఒక పత్రికలో నా సీరియల్ వచ్చింది. అంతకుముందు నావన్నీ పరుగెత్తే నవలలు. ప్రతివారం చివర ఎవరో ఒకరు తలుపు తట్టాల్సిందే. ఈసారి అలా కాదు. పిల్లలు దూరమైన ఒక పెద్దావిడ, అమ్మేసిన ఇల్లు ఖాళీ చేస్తూ ఒక్కొక్క సామానే చేతిలోకి తీసుకుంటుంది. అంతే కథ. "అమ్మా, మీకు ఒంట్లో బాగుంటోందా?" అని ఉత్తరాలొచ్చాయి. పదకొండో వారానికి ముగించమని కబురొచ్చింది. ముగించాను. ఆవిడ చేత గబగబా తాళం వేయించి రైలెక్కించాను. ఆ సంగతి ఇప్పటికీ మింగుడుపడదు.

చిన్నప్పుడు మా సంగీతం మాస్టారు సరళీస్వరాలు మూడు కాలాల్లో పాడించేవారు. మూడోకాలం మాకు సరదా. తప్పు దొర్లినా జోరులో కొట్టుకుపోయేది. మొదటికాలంలో మాత్రం ఊపిరి ఎక్కడ చాల్లేదో, శ్రుతి ఎక్కడ జారిందో అన్నీ బయటపడిపోయేవి. "చౌకకాలంలో నిలబడు, అప్పుడు తెలుస్తుంది నీ సంగతి" అనేవారు.

నెమ్మదిగా ఉన్నదల్లా గొప్పదని నేననను. ఆ మూడు పాటలూ పూర్తిగా విన్నాను, సహనపరీక్షే! కాని ఆ బరువునే పట్టుకుని తరువాత మెల్విన్స్ లాంటివాళ్ళు దారి వేసుకున్నారట. నిర్వాణా బ్యాండు కర్ట్ కొబేన్ తనకి ఇష్టమైన ఆల్బంల పట్టికలో 'మై వార్' పేరు రాసుకున్నాడట. అభిమానులకి నచ్చకపోయినా 1986లో విడిపోయేవరకూ వాళ్ళు వెనక్కి తగ్గలేదు. నేను ఒక్క కబురుకే తగ్గాను.

మూడో పాట నడుస్తుంటే మావారు తొంగిచూసి, "ఏమిటి, ఓల్టేజి పడిపోయిందా?" అన్నారు.

మాట్లాడకుండా బీరువా తీశాను. పదకొండో వారం కాగితాలు అడుగున ఉన్నాయి. ఆవిణ్ణి రైలు దింపి, మళ్ళీ ఆ ఇంటికి తీసుకొచ్చాను. ఇంకా వంటిల్లు సర్దనేలేదు పాపం.