గోళీ కదులుతోందా?

2025 జనవరి 3

మా యానిమల్ హౌస్‌లో కొత్త పిల్లవాడు చేరాడు. ఊరు సిద్దిపేట దగ్గర. మధ్యాహ్నానికల్లా అందరూ 'సిద్దిపేటా' అని పిలవడం మొదలుపెట్టారు. అసలు పేరు హాజరు పట్టీలోనే మిగిలింది. డిగ్రీ రెండో ఏడాదిలో మానేశాడట. ఏజెన్సీ ఇచ్చిన కాగితంలో హోదా గడిలో 'హెల్పర్' అని ఉంది. 1997లో నేను చేరినప్పుడు నా కాగితంలో 'క్యాజువల్ లేబర్' అని ఉండేది.

గౌను, టోపీ, మాస్కు, గ్లౌజులు తొడుక్కుని లోపలికి వచ్చాక మొదటి పాఠం చెప్పాను: అయిదు నిమిషాలు ఏదీ ముట్టుకోకుండా నిలబడు. పగలు ఎలుకలు పడుకునే వేళ. పట్టపగలు కీచులాట వినిపించిందంటే ఏదో పంజరంలో తేడా ఉన్నట్టు. ఘాటు కళ్లకు తగిలిందంటే బెడ్డింగ్ మార్చడం ఆలస్యమైందనో, గాలి సరిగ్గా మారడం లేదనో అర్థం. రిజిస్టరు ఆ తర్వాత తెరువు.

"ఇదంత ఎక్కడ రాసున్నదన్నా?" అన్నాడు.

మా ఎస్‌ఓపీలో (పనివిధానాల పుస్తకంలో) ఉష్ణోగ్రత ఉంది, తేమ ఉంది, పన్నెండు గంటల వెలుతురు, పన్నెండు గంటల చీకటి ఉన్నాయి. నిలబడి వినమని మాత్రం లేదు.

జనవరి 14

సంక్రాంతి. నేనూ, వాచ్‌మనూ, ఎనిమిది వందల ఎలుకలూ. ఇంటి నుంచి సకినాలు తెచ్చాను. లోపలికి తీసుకెళ్లకూడదు, బయట బెంచీ మీద కూర్చుని తిన్నాం.

జనవరి 20

ఇవాళ్టి సంగతి వివరంగా రాసుకోవాలి.

మూడో గదిలో ఒక స్కాలరు అమ్మాయి మందు పరీక్ష నడుస్తోంది. ఒక పంజరంలో రెండు ఎలుకలు శనివారం కంటే ఇవాళ బాగా బరువు తగ్గాయి. ఆ అమ్మాయి నోట్సులో 'మందు ప్రభావం కావచ్చు' అని రాసుకుంది. ఇంతలో సిద్దిపేట వచ్చి, "అన్నా, ఆ డబ్బాల మేత అట్లనే ఉన్నది" అన్నాడు.

మేత తగ్గలేదంటే నా కన్ను ముందు నీళ్ల సీసా మీదికి పోతుంది. దాహంతో ఉన్న ఎలుక మేత ముట్టదు. పావుకిలో తూగే ఎలుక రోజుకు పదిహేను ఇరవై గ్రాములు తింటుంది, పాతిక ముప్ఫై మిల్లీలీటర్లు తాగుతుంది. రెండు ఎలుకలున్న చోట సీసా దాదాపు నిండుగా ఉంది. నిండు సీసా చూస్తే ఎవరికైనా నిశ్చింత. మాకు అదే అనుమానం. గొట్టం చివరి గోళీని వేలితో నొక్కి చూశాను. గార పట్టి బిగుసుకుపోయింది. కాస్త చెమ్మ వస్తోంది, అంతే.

సీసా మార్చగానే రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ గొట్టానికి అతుక్కుపోయాయి. వెటర్నరీ డాక్టరు మేడమ్ వచ్చి చూసి, ఆ రెండింటినీ లెక్కలోంచి తీసేయమన్నారు. స్కాలరు అమ్మాయి నోట్సులో ఆ వాక్యం కొట్టేసింది. కొట్టేశాక కాసేపు అలాగే కూర్చుంది. తర్వాత సిద్దిపేటను పిలిచి ఎలా కనిపెట్టావని అడిగింది.

"మా ఇంట్ల బర్లున్నయ్ మేడం. కుడితి తాగకుంటే గడ్డి ముట్టయ్."

శనివారం, ఆదివారం ఆ గదికి వెళ్లిన మనిషి సీసా నిండుగా ఉందని టిక్కు పెట్టాడు. అతన్ని తిట్టబుద్ధి కాలేదు. రిజిస్టరులో గడి అడిగేది 'నీళ్లున్నాయా' అనే కదా. 'గోళీ కదులుతోందా' అని ఇంకో గడి గీయించాను.

జనవరి 30

మేనల్లుడు నార్త్ కరోలినా నుంచి ఫోన్ చేశాడు. వాడిదీ ఇదే పని. వాళ్లకు ఏటా ఈ రోజుల్లో ప్రయోగశాల జంతువుల టెక్నీషియన్ల వారం జరుగుతుంది. ఈ రంగానికి అక్కడ 1950లోనే సంఘం పుట్టింది. ఆ సంఘమే పరీక్షలు పెడుతుంది, మూడు మెట్లు: ఏఎల్‌ఏటీ, ఎల్‌ఏటీ, ఎల్‌ఏటీజీ. వాడు రెండో మెట్టు మీదున్నాడు. బ్యాడ్జీ మీద పేరు పక్కన ఆ అక్షరాలు ఉంటాయట, ఫోటో పంపాడు.

స్పీకరు పెట్టాను. సిద్దిపేట అడిగాడు: "ఆ అక్షరాలకు జీతం పెరుగుతదా?"

"కొన్నిచోట్ల పెరుగుతుంది తమ్ముడూ. పిజ్జా అన్నిచోట్లా పెడతారు."

మాకు పోయినేడు శాలువా కప్పారు. ఆ శాలువా నాలుగేళ్లుగా ఒక్కటే; ఫోటో అయ్యాక మడిచి స్టోరులో పెడతారు.

ఫిబ్రవరి 6

చిట్టెలుకను తోక పట్టుకుని ఎత్తడం మాకు నేర్పిన పద్ధతి. ఇరవై ఏళ్లు అలాగే ఎత్తాను. 2010లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో జేన్ హర్స్ట్ అనే శాస్త్రవేత్త, ఆమెతో పనిచేసినావిడ కలిసి తోక పట్టి ఎత్తితే చిట్టెలుకలు బెదిరిపోతాయనీ, గొట్టంలోకి ఎక్కించుకునో దోసిట్లోకి తీసుకునో ఎత్తితే మనిషి దగ్గరికి వాటంతటవే వస్తాయనీ చూపించారు. మేడమ్ ఆ సంగతి చెప్పిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎన్ని వేల తోకలు!

గొట్టాలు కొనడానికి బడ్జెట్ లేదన్నారు. సిద్దిపేట హార్డ్‌వేరు షాపుకు వెళ్లి పీవీసీ పైపు ముక్కలు కోయించుకొచ్చాడు.

ఫిబ్రవరి 7

పీవీసీ ముక్కలు క్రిములు చంపే ఆటోక్లేవులో పెట్టాం. 121 డిగ్రీలు. తలుపు తీస్తే అప్పడాల్లా ముడుచుకుపోయి ఉన్నాయి. ట్రేకి అంటుకున్నది గీకడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. తర్వాత పెట్టిన అట్ట గొట్టాలు తట్టుకున్నాయి. చిట్టెలుకలు వాటిని కొరుక్కుతింటాయి, తిననీ.

ఫిబ్రవరి 14

మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో అచ్చేసిన ఫలితం ఒకటి మేడమ్ టీ వేళ చెప్పారు. ప్రయోగం చేసేది మగవాడైతే ఎలుకల్లో ఒత్తిడి పెరిగి, నొప్పి ఉన్నా తక్కువగా చూపిస్తాయట. మగవాళ్లు తొడిగి విప్పిన టీషర్టు పక్కన పెట్టినా అంతే. వాషింగ్ సెక్షన్‌లో పనిచేసే అక్కలిద్దరూ పడీపడీ నవ్వారు. "ఎలుకలకు తెల్వంది ఏమున్నది!" అంది పెద్దక్క.

నవ్వులాట సంగతి సరే. రోజూ ఎవరు ఎత్తారు, ఎవరు తూకం వేశారు అనేదాని మీద ఫలితం మారుతుందంటే, ఆ చెయ్యి ప్రయోగంలో భాగమే. వాడిన తరాజు కంపెనీ పేరు పేపర్లలో వేస్తారు. తరాజు మీద ఎలుకను పెట్టిన చేతి సంగతి నేనైతే ఎక్కడా చదవలేదు.

ఫిబ్రవరి 25

మూడో గది స్టడీ అయిపోయింది. ఇవాళ శాక్రిఫైస్. మాలో ఎవరూ చంపడం అనరు. అందరూ ఆ ఇంగ్లీషు మాటే వాడతారు, తెలుగు చేస్తే బలి. గుళ్లో జంతుబలి తప్పు అని బోర్డు రాసే దేశంలో, తెల్లకోటు వేసుకున్నాక ఆ మాట మర్యాద అయింది.

సిద్దిపేట అన్నం తినలేదు. గోళీ బిగిసిన పంజరంలోని రెండింటి సంగతి అడిగాడు. అవీ అందులోనే. చెప్పాను. రేపు శివరాత్రి, ఎలాగూ ఉపవాసమే అన్నాడు.

జపాన్‌లో చాలా పరిశోధన సంస్థలు ఏడాదికొకసారి ఈ జంతువుల కోసం సంస్మరణ జరుపుతాయి. శాస్త్రవేత్తలూ, సాకిన వాళ్లూ ఒకే వరసలో నిలబడి పూలు పెడతారు. మా దగ్గర బరువు రిజిస్టరు మూసి, కొత్త రిజిస్టరుకు అట్ట వేస్తాం.

మార్చి 5

ఎథిక్స్ కమిటీ సమావేశం. కుర్చీలు వేయించింది నేనే. జంతుహింస నివారణ చట్టం 1960లో వచ్చింది, దాని కింద ప్రయోగాల నియమాలు 1998లో వచ్చాయి. కమిటీలో ఎవరుండాలో లెక్కుంది: శాస్త్రవేత్తలు, వెటర్నరీ డాక్టరు, యానిమల్ హౌస్ బాధ్యత చూసే శాస్త్రవేత్త, బయటి శాస్త్రవేత్త, సామాజిక స్పృహ ఉన్న శాస్త్రేతరుడు, కేంద్ర కమిటీ తరఫు మనిషి. పంజరం శుభ్రం చేసేవాడికి చోటు లేదు. బ్రిటన్‌లో 1986 చట్టం కింద ప్రతి సంస్థా జంతువుల బాగోగులకు ఒక మనిషిని పేరు పెట్టి నియమించాలి. ఎక్కువచోట్ల ఆ మనిషి మావాడే, సీనియర్ టెక్నీషియన్.

తలుపు దగ్గర నిలబడ్డాను. 'ఒక్కో పంజరంలో ఎన్ని' అనే చర్చ ఇరవై నిమిషాలు సాగింది. నన్నడిగితే అర నిమిషంలో చెప్పేవాణ్ని.

మార్చి 16

ఆదివారం. సిద్దిపేటకు పెళ్లిచూపులు. తండ్రి లేడు, పెద్దమనిషిగా నన్ను రమ్మన్నాడు. అమ్మాయి మేనమామ అడిగాడు, "పిలగాడు ఏం పని చేస్తడు?" నేను నోరు తెరిచేలోపే వాళ్లమ్మ "కంపెనీల" అంది.

"కంపెనీల ఏం పని?"

"ల్యాబ్ టెక్నీషియన్" అన్నాను. అబద్ధం కాదు. కాగితం మీద నిజమూ కాదు. నా పెళ్లప్పుడు మా నాన్న 'గవర్నమెంట్ సైడు' అని చెప్పాడు. మా ఆవిడ నేటికీ ఎత్తిపొడుస్తుంది.

మార్చి 22

అయిదేళ్లు. జనతా కర్ఫ్యూ రోజు డ్యూటీ నాదే. శామీర్‌పేట దగ్గర పోలీసాయన ఆపాడు. ఎలుకలకు నీళ్లు పెట్టాలి సార్ అంటే పక్కనున్న హోంగార్డుకు చూపించి నవ్వాడు. ఆ తర్వాత రెండు నెలలు సార్లు ఇళ్లలోంచి మీటింగులు పెట్టుకున్నారు. మేం ఆరుగురం వంతులు వేసుకుని వచ్చాం. దేశమంతా అంతే, పంజరం పని ఇంటి నుంచి చేయలేం. కోవాగ్జిన్‌ను హామ్‌స్టర్లకూ రీసస్ కోతులకూ ఇచ్చి చూశారు. వాటికి మేత పెట్టిన చేతుల గురించి నేనెక్కడా చదవలేదు.

ఏప్రిల్ 8

మూడో గది స్కాలరు పేపరు రాసిచ్చింది. చివర కృతజ్ఞతల్లో మా ఇద్దరి పేర్లూ పెట్టింది, ఇంటిపేర్లతో సహా. వాళ్ల గైడు వాటిని తీసేసి 'యానిమల్ హౌస్ సిబ్బంది' అని మార్చారట. ఆ అమ్మాయి వచ్చి తలొంచుకుని చెప్పింది. పోనీలే తల్లీ అన్నాను. పోనీలే అనకుండా ఉండాల్సింది.

ఏప్రిల్ 24

ప్రయోగశాల జంతువుల ప్రపంచ దినం. గేటు దగ్గర నలుగురు పిల్లలు అట్టలు పట్టుకుని నిలబడ్డారు. సిద్దిపేట వాళ్లకు మంచినీళ్లిచ్చి వచ్చాడు. "మనం తప్పు చేస్తున్నమా అన్నా?"

రసెల్, బర్చ్ అనే ఇద్దరు 1959లోనే పుస్తకం రాశారు: జంతువు లేకుండా చేయగలిగితే చెయ్యండి, తప్పకపోతే తక్కువతో చెయ్యండి, బాధ తగ్గించండి. మొదటి రెండూ సార్ల చేతిలో ఉన్నాయి. మూడోదానిలో సగం నీ చేతిలో ఉంది అన్నాను. వాడడిగిన ప్రశ్నకు అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

మే 19

సాయంత్రాలు వాడికి పాఠాలు చెబుతున్నా. 2003లో తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థలో నేను టెక్నీషియన్ల కోర్సు చేశాను, ఆ నోట్సు ఇంకా ఉంది. ఎలుక కళ్ల చుట్టూ ఎర్రగా కారేది రక్తం కాదు, ఒత్తిడిలో గ్రంథి వదిలే రంగు. గినీపందికి మనలాగే విటమిన్ సి మేతలో అందాలి. ఎలుకకు వాంతి రాదు.

ఆ సంస్థ 1918లో కూనూరులో ఒక చిన్న గదిలో మొదలైంది, పెట్టింది మెక్‌కారిసన్. మన దేశంలో ఏ ప్రాంతపు తిండి ఎలుకలకు పెడితే ఎంత పెరుగుతాయో తూచాడు. సిక్కుల రొట్టె, పాలు, కూరలు తిన్నవి అన్నిటికంటే పైన. మద్రాసు వాళ్ల అన్నం తిన్నవి అట్టడుగున. మద్రాసు ప్రెసిడెన్సీ అంటే అప్పట్లో ఆంధ్రా కూడా. సిద్దిపేట నవ్వి, "మనం నిజాం కింద కదన్నా, మనకు లెక్క రాదు" అన్నాడు.

జూన్ 12

తార్నాక కోర్సుకు సిద్దిపేట పేరు పంపమని ఆఫీసుకు ఉత్తరం పెట్టి మూడు వారాలైంది. ఇవాళ తిరిగొచ్చింది. కోర్సు టెక్నీషియన్లకు, ఇతను హెల్పర్, పంపే వీలు లేదు. హెల్పర్‌ను టెక్నీషియన్ చేయండని మార్చిలో రాసిన ఉత్తరానికి వచ్చిన జవాబు కూడా ఫైల్లోనే ఉంది: కోర్సు చేసి ఉండాలి.

రెండు జవాబులనూ ఒక పిన్నుతో గుచ్చాను. మూడో ఉత్తరం రాశాను. జనవరి 20 సంగతి అందులో పెట్టాను, స్కాలరు అమ్మాయి తన నోట్సు పేజీ జిరాక్సు ఇచ్చింది, కొట్టేసిన వాక్యంతో సహా. మేడమ్ సంతకం చేశారు. నా పేరు కింద హోదా రాయలేదు. చేసిన కోర్సూ, ఏడాదీ రాశాను.

ఇన్‌వార్డ్‌లో ఇచ్చి నంబరు వేయించుకున్నాను. 417.