అమ్మ పాటలు

మా అమ్మకు పాటలు వచ్చుననుట మాయింట అందఱును ఎఱిగిన సంగతియే. సీతమ్మవారి పాటలు, అప్పగింతల పాటలు, అత్తల యారళ్లను గూర్చిన పాటలు ఆమె పని చేసికొనుచునే పాడుచుండెడిది. వానిని ఒక విద్యగా మాత్రము మే మెన్నడును ఎంచలేదు. ఎంచినది నా భార్య. రెండేండ్లపాటు సాయంకాలములందు అత్తగారి ప్రక్కను గూర్చుండి, 41 పాటలను ఆమె గొంతుతోనే పట్టి కంప్యూటరులో దాచెను. నిరుడు అమ్మ గతించెను.

ఈ వేసవిలో నొక యుదయమున కంప్యూటరు తెఱువబోగా లోపలనుండి టిక్కుటిక్కుమను చప్పుడు వచ్చి తెర నల్లగా నిలిచిపోయెను. నేను దానిని ఆపి, మరల వెలిగించి, అట్లు ఆఱేడుసారులు చేసితిని. ఇంతకంటె తెలివితక్కువ పని లేదని పిమ్మట తెలిసినది. హార్డ్ డిస్కులో అద్దమువలె నునుపైన పళ్లెములు నిమిషమునకు 5400 లేక 7200 చుట్లు తిరుగుచుండును. వానిపైనున్న అయస్కాంతపు పూతలో అక్షరమైనను పాటయైనను గుర్తులుగా నిలుచును. ఆ గుర్తులను చదువు తల పళ్లెమునకు తగులక, వెండ్రుక మందములో వేయవ వంతుకంటెను తక్కువ యెత్తున తేలుచుండవలెను. తల చెడినపుడు అట్టి చప్పుడు పుట్టును. ఆపై విద్యుత్తు ఇచ్చినకొలదిని అది పూతను గీకివేయవచ్చును.

హైదరాబాదులో నొక నిపుణుడు, వైద్యుడు రోగి బంధువులను అడిగినట్లు, "ఎన్నిసార్లు ఆన్ చేశారు?" అని మొట్టమొదట అడిగెను. నేను తల వంచుకొంటిని. ధూళి చొరని గదిలో పెట్టెను విప్పి, అదే రకపు మఱియొక డిస్కునుండి తీసిన తలలను దీనికి అమర్చెదననెను. చదువ వీలైనదానినెల్ల ముందుగా వేఱొక డిస్కునకు నకలు తీసి, మొండికెత్తిన చోట్లకు కడపట మరలివచ్చి, ఆ నకలులోనే ఫైళ్లను వెదకుదురట. గీకుకొనిపోయిన పూతను మాత్రము ఎవరును తేలేరు. ఆయన చెప్పిన రుసుము విని నేను తటపటాయించితిని. నా భార్య తన పొదుపు సొమ్ము తెచ్చి బల్లమీద నుంచెను.

ఇంటికి వచ్చుదారిలో ఆమె, "మన ఇంటి రిజిస్ట్రీ కాగితాలు ఎన్నిచోట్ల దాచారండీ?" అని అడిగెను. మూడుచోట్ల. పన్ను రశీదులు సైతము రెండుచోట్ల నున్నవి. పాటలకు నకలు తీయుమని ఆమె నన్ను ఎన్నిమార్లు కోరెనో లెక్కలేదు. "ఆదివారము చూతము" అనుచు వచ్చితిని. ఆడువారి చదువును గూర్చి సభలలో మాటలాడెడి నేను, ఆడువారి విద్య యింటిలో నుండగా దానికి రశీదుపాటి విలువ నీయనైతిని.

నిపుణుని కబురుకై యెదురుచూచు దినములలో కొలంబియా వ్యోమనౌక సంగతి చదివితిని. 2003 ఫిబ్రవరి 1న అది ఆకాశమున విచ్ఛిన్నమై, కల్పనా చావ్లాతో కలిపి ఏడుగురు మరణించిరి. ఆఱుమాసములకు టెక్సాసులో నొక యెండిన చెరువు గర్భమున, కాలి కమిలిన 400 మెగాబైట్ల హార్డ్ డిస్కు దొరకెను. జెనాన్ అను వాయువుపై చేసిన ప్రయోగపు లెక్కలు అందుండెను. పళ్లెములు వంగకుండుటచే నూటికి 99 వంతులు చేతికివచ్చి, ఆ ఫలితములు 2008లో అచ్చయ్యెను. ఆకాశమునుండి పడినదే దక్కగా, బల్లమీదనున్నది దక్కదా యని ఆశపడితిని. కాని ఆ లెక్కలకై కాచుకొనియున్న పెద్దలుండిరి. అమ్మ పాటలకై కాచుకొన్నది ఒక్కతె.

మూడువారములకు కబురు వచ్చెను. 33 పాటలు నిండుగా వచ్చినవి. మూడు సగములో తెగినవి. ఐదు రాలేదు. తెగినవానిలో అప్పగింతల పాట యొకటి. రెండవ చరణమున గొంతు ఆగి, కొంత బరబరమను ధ్వని వచ్చి, చివరను "చాలే అమ్మాయీ, గొంతు రాచుకుపోతోంది" అను మాట మాత్రము స్పష్టముగా వినవచ్చును. నా భార్య దానినే పలుమార్లు పెట్టించుకొని వినెను.

రాని యైదింటిలో రెండు గుంటూరునందున్న మా పిన్నికి వచ్చునట. ఆమెకు 84 ఏండ్లు. నా భార్య శనివారము బయలుదేరుచున్నది. సంచి మోయుటకును, ఏపూటకాపూట నకళ్లు తీయుటకును నేనును వెంట పోవుచున్నాను.