మా కారు తలుపులు నేర్పిన పాఠము

దోషము కనబడినప్పుడు దాని నితరులపై మోపుట సులభము. దాని మూలమును వెదకుట కష్టము. ఈ సంగతిని మేము పిల్లలకు బోధించినవారమే. కాని మేము నేర్చుకొనుటకు మాత్రము మా పాత కారు తలుపులలో నమర్చిన రెండు స్పీకర్లు కావలసివచ్చెను. ఆ వృత్తాంతమును మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును విన్నవించుచున్నాము.

మా తండ్రిగారు దేవాలయపు గాయకబృందములో మంద్రస్వరము పాడెడివారు. ముప్పది యేండ్లకు మునుపు ఒక క్రిస్మసు ఆరాధనలో నెవరో ఒకే మైకు పెట్టి ఆ పాటలను కేసెట్టులో పట్టిరి. వారు ప్రభువునందు నిద్రించిన పిదప వారి కంఠధ్వని మాకు మిగిలినది ఆ కేసెట్టులో మాత్రమే. దానిని మా కుమారుడు పెన్‌డ్రైవులోని కెక్కించి యిచ్చెను. పులివెందులలోని మా చెల్లెలి యింటికి తల్లిగారిని తీసికొనిపోవునప్పుడు త్రోవలో ఆ పాటలు వినిపింపవలెనని మా కోరిక. అందుకై ప్రొద్దుటూరిలో నొక అంగడిలో రెండు స్పీకర్లు కొంటిమి. కూలి మిగులునని అమర్చు పని మేమే చేసికొంటిమి. ఎడమ తలుపు పని మధ్యాహ్నమున ముగిసెను. కుడి తలుపు పని ముగియునప్పటికి దీపాలవేళ యయ్యెను.

పాట పెట్టితిమి. స్త్రీల గొంతులును పిల్లల గొంతులును వినబడెను. మా తల్లిగారు చాలసేపు చెవి యొగ్గి విని, "మీ నాయన గొంతు యాడికి పాయ నాయనా?" అని యడిగిరి. మాకు నోట మాట రాకపోయెను.

మరునాడు అంగడికి పోయి, నకిలీ సరకు అంటగట్టితివని నలుగురి యెదుట అంగడివానిని గద్దించితిమి. అతడు కోపింపక, "సార్, తీగెలు ఒకతూరి చూసుకోండి" అని మాత్రమనెను. మాకే పాఠము చెప్పుచున్నాడని మండిపడి వెనుదిరిగితిమి. ప్రొద్దుటూరు బంగారు వర్తకమునకు పేరుపొందిన పట్టణము. ఒరగల్లుపై గీయక అచ్చటివారు బంగారమును మేలిమి యనరు, కల్తీ యనరు. అట్టి యూరిలో నుండియు మేమొక మనుష్యుని ఏ ఒరగల్లును లేకయే కల్తీ యని తేల్చితిమి.

ఆ వారమే ప్రయాణమైతిమి. జమ్మలమడుగులో తల్లిగారు బంధువుల యింట కొంతసేపు విశ్రమించిరి. మా పూర్వవిద్యార్థి యొకడు ఆ యూర మోటారుబండ్ల కరెంటు పని చేయుచున్నాడు. కారును వానికి చూపితిమి. వాడు మొట్టమొదట దేనిని విప్పలేదు. పాట పెట్టి, బ్యాలెన్సును పూర్తిగా ఎడమకు త్రిప్పెను, మంద్రస్వరము వినబడెను. కుడికి త్రిప్పెను, వినబడెను. నడుమకు తెచ్చెను, మాయమయ్యెను. "అయ్యగారూ, రెండును మంచివే. రెంటికిని పొత్తు కుదరలేదు" అని నవ్వెను.

పిమ్మట తలుపుల లోపలి అట్టలను విప్పి, సెట్టు వెనుక తీగెలను విడదీసి, టార్చిలైటులో వేయు 1.5 వోల్టుల బ్యాటరీని ఒక్కొక్క జతకు క్షణకాలము తాకించెను. ఎడమ స్పీకరు గరాటు వెలుపలికి గెంటబడెను. కుడిది లోపలికి లాగబడెను. స్పీకరునకు రెండు రేకులుండును. మేము కొన్నవాటిలో వెడల్పైనది ధనము, సన్ననిది ఋణము. మసక వెలుతురులో మేము కుడివైపున ఋణపు తీగెయగు నల్లచార తీగెను వెడల్పు రేకునకు తగిలించియుంటిమి!

బాలురారా, ఒకే ఉయ్యాలను ఇద్దరు పట్టుకొని, ఒకడు త్రోయునప్పుడు రెండవవాడు లాగినయెడల ఉయ్యాల కదలునా? మా కారులో జరిగినది అదియే. 1925లో అమెరికాలో రైసు, కెల్లాగు అను ఇంజనీర్లు వివరించిన తీగెచుట్ట స్పీకరు నేటికిని అదే సూత్రముపై నడచుచున్నది: అయస్కాంతము నడుమనున్న తీగెచుట్టలో విద్యుత్తు ప్రవహింపగా గరాటు ముందు వెనుకల కాడి గాలిని కదలించును. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును గనుక, 100 హెర్ట్జుల మంద్రస్వరపు తరంగము 3.4 మీటర్ల పొడవుండును. కారు వెడల్పు అందులో సగమును లేదు. కావున ఎదురెదురు తలుపులనుండి తలక్రిందులై వచ్చిన దీర్ఘతరంగములు ఒకదాని నొకటి చాలవరకు చంపుకొనును. హెచ్చుస్వరముల తరంగములు అంతకంటె చాల పొట్టివి. అవి ఒకచోట అణగి ఒకచోట పెరుగుచుండును గనుక వాటి లోపమును చెవి అంతగా పట్టదు. అందుచేతనే స్త్రీల గొంతులు నిలిచి, మా తండ్రిగారి గొంతు నశించెను.

తీగెలు మార్చిన వెంటనే ఆ గొంతు వచ్చెను గాని కొంత బలహీనముగా నుండెను. తలుపు లోపలి ప్లాస్టిక్ తెరను మేమే చింపియుంటిమి. గరాటు వెనుకనుండి పుట్టు ధ్వని ముందు ధ్వనికి విరుద్ధము. ఆ రంధ్రములనుండి అది ముందునకు వచ్చి దానిని అణచుచుండెను. వాడు బంకరేకులతో రంధ్రములను మూసి, స్పీకరు చుట్టును నురుగు పట్టీ వేసి, గడగడలాడు మరలను బిగించెను. తలుపు అడుగుననుండు నీరుకారు తూములను మాత్రము మూయలేదు. మూసిన వాననీరు నిలిచి రేకు త్రుప్పుపట్టునట.

ముద్దనూరు దాటి పులివెందుల వైపు చీనీ తోటల నడుమ పోవుచుండగా పాట పెట్టితిమి. మూడవ చరణమున ఆ గంభీరస్వరము తలుపులనుండి లేచెను. తల్లిగారు ఏమియు ననలేదు. తలుపుపై చేయి యుంచి, పాట ముగియువరకు తీయలేదు.

తిరిగివచ్చిన దినముననే అంగడికి పోయితిమి. నలుగురి యెదుట నిందించినవారము గనుక నలుగురు చేరువరకు నిలిచి, తప్పు మాదేయని చెప్పి క్షమాపణ వేడితిమి. అతడు, "పాట బాగా వినపడుతోందా సార్?" అని మాత్రమడిగెను. ఆ ప్రశ్న మాకు గద్దింపుకంటె నెక్కువగా తగిలెను.

దూలమును నలుసును గూర్చిన ఉపమానమును ఎన్ని మారులో చెప్పితిమి. విద్యార్థులారా, ఏ యంత్రము చెడినను ఒక్కొక్క భాగమును వేరుచేసి పరీక్షింపుడు. మీ చేయి పడిన చోటును మొదట పరీక్షింపుడు. అంతవరకు ఎవరిని నిందింపకుడు.